ఎవరికీ తెలియని ఎడమ మూల

నదీతీర కబడ్డీ లీగ్ పాలక మండలికి జ్ఞానోదయమైన రోజున గొర్లె పైడిరాజు జూట్ మిల్లులో మూటలు మోస్తున్నాడు. తనకేం మూడబోతోందో పాపం అతనికి తెలీదు.

ఆ జ్ఞానోదయానికి కారణం తాడి అప్పన్న అనే డిఫెండరు. లీగ్‌లో ఎనిమిది జట్లున్నాయి. ఏటా అందరూ ఒక హాల్లో కూచుని, పేర్ల జాబితా ముందు పెట్టుకుని, వంతుల వారీగా ఆటగాళ్ళను ఏరుకుంటారు. కూతకెళ్ళే రైడర్ల కోసం మొదటి వంతుల్లోనే జుట్లు పట్టుకుంటారు. వచ్చినవాడి కాలో నడుమో పట్టి ఆపే డిఫెండర్లని మాత్రం, భోజనాలయ్యాక ఆవులిస్తూ, మిగిలినవాళ్ళలోంచి తీస్తారు. కిందటేడు ఏడో వంతు, అంటే ఆఖరి వంతు కూడా ముగియబోయేసరికి జాబితాలో ఇద్దరే మిగిలారు. అందులో ఒకడు విసిగిపోయి ఇంటికెళ్ళిపోయాడు. రెండోవాడు అప్పన్న. చంపావతి చిరుతలు జట్టు మేనేజరు గత్యంతరం లేక అతన్ని తీసుకున్నాడు. అప్పన్న ఫైనల్లో పదకొండు మందిని పట్టేసి కప్పు తెచ్చిపెట్టాడు.

మామూలు మనుషులైతే ఏమనుకుంటారు? డిఫెండర్లని కూడా కాస్త ముందే, కళ్ళు తెరిచి చూసి తీసుకోవాలి కాబోలు అనుకుంటారు. అలా అనుకుంటే అది పాలక మండలి ఎందుకవుతుంది! వాళ్ళు కమిటీ వేశారు. కమిటీ నూట పన్నెండు పేజీల నివేదిక ఇచ్చింది. అప్పన్న అంత బాగా ఆడటానికి కారణం అతన్ని ఆఖర్న తీసుకోవడమేనని తేల్చింది.

నివేదిక రాసినాయన ప్రతిభాన్వేషణ సలహాదారు డాక్టర్ ప్రభంజనం. ఆయన కబడ్డీ ఎన్నడూ ఆడలేదు. అందువల్ల తన పరిశీలనలో పక్షపాతానికి తావులేదని మొదటి పేజీలోనే రాసుకున్నాడు.

"రక్షణ ప్రతిభ అనునది భూగర్భ జలం వంటిది," అన్నాడాయన సమావేశంలో. "లోతుకు పోయే కొద్దీ స్వచ్ఛత. పైకి కనిపించినదంతా మురుగు."

చైర్మన్ నృసింహమూర్తి గారు చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టాక అందరూ కొట్టారు. వారంలో సర్క్యులర్ వచ్చింది: ఇకమీదట డిఫెండర్లను ఏడవ వంతుకు ముందు ఎంపిక చేయరాదు. మరుగున పడిన ప్రతిభను మాత్రమే ఎంపిక చేయవలెను. అభ్యర్థి మరుగున పడియున్నట్లు గెజిటెడ్ అధికారి సంతకంతో అప్రసిద్ధతా ధ్రువీకరణ పత్రం జతపరచవలెను.

పైడిరాజు ఆ కాగితాన్ని మిల్లు గేటు దగ్గర మూడుసార్లు చదివాడు. అతనిది ఎడమ మూల. కోర్టులో ఆ మూల నిలబడి, వచ్చినవాడి చీలమండ పట్టుకుంటే ఇక అంతే సంగతులు. పదిహేనేళ్ళుగా ఊరి పోటీల్లో పట్టిన కాళ్ళకి లెక్కలేదు. అయినా మైకులో అతని పేరు ఒక్కసారీ పలకలేదు. "కూతకెళ్ళిన కుర్రోడి పేరు ఫలానా, పట్టింది మిల్లోడు," అనేవారు, అంతే. పెద్ద స్టేడియంలో, మైకులో, "ఎడమ మూల, గొర్లె పైడిరాజు" అని ఒక్కసారి వినాలి. అతని కోరికంతా అదే. ముప్పై నాలుగు నిండితే లీగ్‌లోకి రానివ్వరు. అతనికి ముప్పై మూడేళ్ళ తొమ్మిది నెలలు. ఇదే ఆఖరు.

"బంగారీ, ఏటంటావు?" అని పెళ్ళాన్ని అడిగాడు.

బంగారమ్మ మిషను కుడుతూ తలెత్తలేదు. "నీ పేరు ఎవుళికీ తెల్దని రాయించుకుంటే, నీ పేరు మైకులో సదువుతారా? ఇదేటి మావా, ఇదెక్కడి సోద్దెం!"

సోద్యమే మరి. కానీ తప్పదు కదా.

ముందు సొంత మండలంలోనే తహసిల్దారు దగ్గరికి వెళ్ళాడు. ఆయన కాగితం చదివి పెన్ను తీసేలోగా, బల్ల పక్కనున్న బంట్రోతు, "ఓరి నువ్వా పైడిరాజూ! బాబూ, బొబ్బిలి టోర్నమెంట్లో ఆరడుగులోణ్ణి పడగొట్టీసింది ఈడేనండి," అని అరిచాడు. తహసిల్దారు పెన్ను మూసేశాడు. "మా కార్యాలయంలోనే ఒకరికి తెలిసినవాడివి. తెలియదని ఎలా రాయమంటావయ్యా?"

సరేనని, తనని ఎరిగినవాళ్ళు లేని పక్క మండలానికి వెళ్ళాడు. అక్కడ దొరికిన గెజిటెడ్ అధికారి పశువుల డాక్టరు. గేదెకి సూది వేస్తున్నాడు. కాగితం చూసి ముఖం చిట్లించాడు.

"ఇందులో ఏముందో చదివావా? 'ఇతనిని నేను పదేళ్ళుగా వ్యక్తిగతంగా ఎరుగుదును. ఇతను ఎవరికీ తెలియడు.' నువ్వెవరో నాకు తెలీదు. తెలియనివాడికి ఎలా ఇస్తాను?"

"తెలిస్తే ఇవ్వనంటారు కదండి?"

"తెలిస్తే అసలివ్వను. అబద్ధమైపోతుంది."

"మరేటి సేయమంటారు బాబూ?"

డాక్టరు ఆలోచనలో పడ్డాడు. అదే అదనుగా గేదె వెనక్కాలు విసిరింది. ఆయన మోకాలి చిప్పకి జానెడు దూరంలో ఆ గిట్ట ఆగిపోయింది. ఎందుకంటే పైడిరాజు కుడిచెయ్యి దాన్ని పట్టుకుని ఉంది. అతను పట్టుకోవాలనుకోలేదు. కాలు కదిలింది, చెయ్యి వెళ్ళింది, అంతే. అతని చేతులకి పదిహేనేళ్ళుగా అదే అలవాటు. దగ్గర్లో కాలు కదిలితే అవి అతన్ని అడగవు.

డాక్టరు చెమట తుడుచుకుని సంతకం పెట్టేశాడు. "నిన్ను పదేళ్ళుగా ఎరిగినట్టే ఉందయ్యా నాకు," అన్నాడు మనస్ఫూర్తిగా.

ఇక మిగిలింది పరీక్షా శిబిరం. జిల్లా స్టేడియంలో పెట్టారు. ఎనిమిది జట్ల మేనేజర్లూ వరసగా కుర్చీల్లో కూచున్నారు, కోర్టుకి వీపు పెట్టి. ఆటగాణ్ణి చూస్తే అతను చూడబడినవాడవుతాడు. చూడబడ్డాక ఇక మరుగున పడినవాడు ఎలా అవుతాడు? కాబట్టి చూడకుండా ఏరాలి. ఇది డాక్టర్ ప్రభంజనం గారి పద్ధతి. దీన్ని చూసి వెళ్ళటానికి పొరుగు రాష్ట్రం నుంచి ఇద్దరు వచ్చారట. వాళ్ళకీ వీపు పెట్టి కుర్చీలు వేశారు.

సంగతి ముందే తెలిసిన డిఫెండర్లు తమ ప్రతిభ బయటపడకుండా నానా అవస్థా పడుతున్నారు. ఒకడు రైడర్ రాగానే నమస్కారం పెట్టాడు. ఇంకొకడు దారిచ్చి, "జాగర్త బాబూ, అక్కడ తడిగా ఉంది," అన్నాడు. లోపల ఎంత ప్రతిభ దాగి ఉంటే ఇంత ఘోరంగా ఆడతాడని మేనేజర్లు వెనక్కి తిరక్కుండానే మురిసిపోయారు.

పైడిరాజు సిద్ధపడే వచ్చాడు. బంగారమ్మ అతని నిక్కరుకి రెండు లోతైన జేబులు కుట్టింది. "సేతులు జేబుల్లో పెట్టుకో. బయటికి తీసేవంటే నీ ఇష్టం," అని హెచ్చరించి మరీ పంపింది. అతను ఎడమ మూలకి వెళ్ళి, చేతులు జేబుల్లో దూర్చి, ఆకాశం చూస్తూ నిలబడ్డాడు. రైడర్ కూత పెడుతూ వచ్చాడు. పైడిరాజు చూడలేదు. కానీ చెవులున్నాయి కదా! మట్టి మీద బొటనవేలు రాసుకున్న చప్పుడు ఎడమపక్క వినబడింది. చర్రుమని ఒక జేబు చిరిగింది. తర్వాత దబ్బుమని మనిషి పడ్డ చప్పుడు.



"ఆ శబ్దం ఎవరిది?" అని డాక్టర్ ప్రభంజనం వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"నాదేనండి," అన్నాడు పైడిరాజు ఏడుపు గొంతుతో. "తప్పయిపోనాది. కావాలని పట్టలేదండి."

"తొమ్మిదో నంబరు అభ్యర్థిలో బహిరంగ ప్రతిభ గమనించడమైనది," అని ఆయన పైకి చెబుతూ రాసుకున్నాడు. "బొత్తిగా మరుగు లేదు."

ఎంపిక రోజున కల్యాణ మండపం అద్దెకి తీసుకున్నారు. డిఫెండర్ల జాబితాలో నలభై మంది పేర్లు. పైడిరాజుది అట్టడుగున. పేరుకెదురుగా నల్లచుక్క. జట్టుకి నలుగురు చొప్పున ముప్పై రెండు మంది కావాలి, ఎక్కడో ఒకచోట తన పేరు తగలకపోతుందా అన్న ఆశతో బంగారమ్మని వెంటబెట్టుకుని వెనక వరసలో కూచున్నాడు.

రైడర్ల ఆరు వంతులూ గంటలో అయిపోయాయి. ఏడో వంతు మొదలైంది. చైర్మన్ గారు మైకు తీసుకుని, "ఇప్పుడు లోతైన వంతు," అని గంభీరంగా ప్రకటించారు.

నాగావళి నాగులు మేనేజరు లేచి, "మేము ఎనిమిదో వంతుకి వాయిదా వేసుకుంటున్నాం," అన్నాడు. ఏడోదాని కంటే ఎనిమిది లోతు కదా! గోస్తనీ గద్దలు వాళ్ళు తొమ్మిదికి వాయిదా వేశారు. వంశధార వడగళ్ళు వాళ్ళు తొమ్మిదిలో కూడా తీసుకోబోమని రాసిచ్చారు. ఎవరు ముందు నోరు తెరిస్తే వాళ్ళు వెర్రివాళ్ళన్నట్టు అయిపోయింది. పదో వంతు, పదిహేనో వంతు, ఇరవై రెండో వంతు. ఒక్క పేరూ చదవలేదు. ముప్పయ్యో వంతులో భోజనాలు పెట్టారు. నలభై ఒకటో వంతులో చైర్మన్ గారు చిన్న కునుకు తీశారు.

చిక్కేమిటంటే ఐదింటికి మండపం ఖాళీ చేయాలి. ఆ తర్వాత అక్కడ వేరే వాళ్ళ నిశ్చితార్థం ఉంది. మండపం మేనేజరు వచ్చి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. నాలుగున్నరకి, నలభై ఆరో వంతులో, డాక్టర్ ప్రభంజనం లేచాడు.

"అయ్యా, నాకొక మౌలిక సందేహం కలుగుతున్నది. ఈ నలభై మంది పేర్లూ మన జాబితాలో ఉన్నవి. జాబితాలో ఉన్నవాడు మరుగున పడినవాడెట్లగును?"

ఎనిమిది మంది మేనేజర్లూ ఒక్కసారిగా కళ్ళు తెరిచారు. ఇంత చిన్న సంగతి తమకెందుకు తట్టలేదని తలలు కొట్టుకున్నారు. చైర్మన్ గారు జాబితాని నాలుగు ముక్కలుగా చింపి, సభికుల కరతాళధ్వనుల మధ్య బుట్టలో వేశారు. వెనక వరసలో పైడిరాజు గుండె కూడా అలాగే చిరిగింది.

తర్వాత పావుగంటలో ముప్పై రెండు స్థానాలూ నిండిపోయాయి. జనరేటరు నడిపే మనిషిని గోస్తనీ గద్దలు జట్టు తీసుకుంది. పూల అలంకరణ చేసే ఇద్దరన్నదమ్ముల్ని రెండు జట్లు పంచుకున్నాయి. ఎవరింటికో దారి అడగటానికి లోపలికొచ్చిన పెద్దాయన్ని వంశధార వడగళ్ళు జట్టు ఎగరేసుకుపోయింది. ఆయన పేరేమిటో అడగొద్దని మేనేజరు అందరినీ బతిమాలుకున్నాడు. వంటవాళ్ళ బృందం మొత్తం మొదటాట టిక్కెట్లలా క్షణంలో అమ్ముడుపోయింది.

ఆఖరి మనిషి సాంబారు వడ్డించే కోదండం. నాగావళి నాగులు అతని పేరు ప్రకటించగానే, "నాకు రేపు పొద్దున్నే పెళ్ళి వడ్డన ఉందండీ!" అని అరిచి బాల్చీతో సహా పరుగు తీశాడు. మేనేజర్లంతా వెంటపడ్డారు. కోదండం కుర్చీలు దూకుతూ వెనక వరస దాకా వచ్చాడు. పైడిరాజు తల వంచుకుని ఏడుస్తున్నాడు. పక్కనుంచి కాలు వెళ్ళింది. చెయ్యి వెళ్ళింది. కోదండం నేలమీద, సాంబారు బంగారమ్మ చీర మీద.

"ఏటి మావా, ఇక్కడా!" అంది బంగారమ్మ.

మండలి అక్కడికక్కడే అత్యవసర సమావేశం జరిపింది. ఎంపికైన డిఫెండర్లు పారిపోయే ప్రమాదం ఉన్నట్టు గుర్తించారు. వాళ్ళని పట్టి ఆపటానికి అనుభవజ్ఞుడు కావాలి. పైడిరాజుకి ఖాకీ కోటు, ఒక స్టూలు ఇచ్చి "రక్షకుల నిలుపుదల అధికారి"గా నియమించారు.

"అంతే గానీ నన్ను ఆడనియ్యరాండి?" అని అడిగాడు పైడిరాజు.

"మీకు పట్టడం వచ్చు కదయ్యా," అన్నారు చైర్మన్ గారు జాలిగా. "ఆటకి ఎలా పనికొస్తారు?"

మొదటి మ్యాచికి ఆరువేల మంది వచ్చారు. నాగావళి నాగులు వైపు ఎడమ మూల గీత అవతల స్టూలు వేసుకుని పైడిరాజు కూచున్నాడు. చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. రైడర్ కూత పెట్టగానే కోదండం, మిగతా ముగ్గురూ నాలుగు దిక్కులా పారిపోయారు. పైడిరాజు ఒక్కొక్కణ్ణీ పట్టుకొచ్చి కోర్టులో పెట్టడం, వచ్చి స్టూలు మీద కూచోవడం. రైడర్ తాపీగా అందర్నీ తాకి వెళ్ళిపోవడం. ఇలా పది నిమిషాలు సాగింది. పదకొండో నిమిషంలో రైడర్ మరీ ధీమాగా, ఎడమ గీత వెంబడి, స్టూలుకి మూరెడు దూరంలోంచి నడుచుకుంటూ వచ్చాడు.

పైడిరాజు కళ్ళు మూసుకున్నాడు. పళ్ళు బిగబట్టాడు. ఇష్టదైవాలందర్నీ తలుచుకున్నాడు. తొడ కింద నుంచి చెయ్యి జారింది.

రైడర్ బొక్కబోర్లా పడ్డాడు. ఆరువేల మందీ లేచి నిలబడ్డారు. ఆ సీజన్‌లో వాళ్ళు చూసిన మొదటి పట్టు అది. అంపైరు ఈల నోట్లో పెట్టుకుని, ఏ నియమం కింద ఊదాలో తెలీక అలాగే ఉండిపోయాడు. "ఎవుళ్రా ఆడు?" అని ఒకళ్ళు, "మిల్లోడు! గొర్లె పైడిరాజు!" అని ఇంకొకళ్ళు. సాయంత్రానికి మూడు జిల్లాల్లో టీకొట్ల దగ్గర అదే మాట.

మండలి విచారణ జరిపి, అధికారి హోదాలో ఉండి కాలు పట్టినందుకు జీవితకాల నిషేధం విధించింది. అక్కడితో కోపం తీరలేదు. అతని పేరు, ఊరు, వయసు, ఫొటో, సమస్తం రికార్డుల్లోంచి తుడిచేయమంది. గుమాస్తా నల్లసిరా బాటిల్ ఖాళీ చేశాడు. మర్నాడు స్టేడియంలో మైకులో ప్రకటన చదువుతారంటే పైడిరాజు వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాడు. నిషేధమైతేనేం, పేరు వినబడుతుంది కదా!

"ఒక వ్యక్తిని నిషేధించడమైనది," అన్నారు మైకులో. పేరు లేదు. అప్పటికే తుడిచేశారు మరి.

ఆ రోజు పైడిరాజు అన్నం ముట్టలేదు. బంగారమ్మ చిరిగిన జేబు కుట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఏడాది తిరిగింది. పైడిరాజుకి ముప్పై నాలుగు నిండి ఎన్నో నెలలైంది. లీగ్‌కి మళ్ళీ మరుగున పడిన ప్రతిభ కావాల్సొచ్చింది. కిందటేటి ముప్పై రెండు మందీ ఆడి బయటపడిపోయారు కాబట్టి పనికిరారు. డాక్టర్ ప్రభంజనం రాత్రింబవళ్ళు కాదు గానీ ఆఫీసు వేళల్లో గట్టిగా వెతికాడు. ఒక రోజు బీరువా అడుగున ఒక ఫైలు దొరికింది. తెరిచాడు. పేరున్న చోట నలుపు. ఊరున్న చోట నలుపు. వయసు నలుపు. ఫొటో నలుపు.

ఆయన కళ్ళు చెమర్చాయి. ఇరవయ్యేళ్ళ సేవలో ఇంత లోతు ఎన్నడూ చూడలేదు.

ఎనిమిది జట్లూ ఆ ఫైలు కోసం కలబడ్డాయి. నిషేధం ఉందే అని ఒకరు గొణిగితే, ఎవరి మీద ఉందో రికార్డులో లేదని కొట్టిపారేశారు. వయసు మించిందేమో అంటే, వయసే లేనివాడికి మించడమేమిటన్నారు. చీట్లు వేస్తే నాగావళి నాగులుకి వచ్చింది. మనిషిని వెతకడానికి డాక్టర్ ప్రభంజనం స్వయంగా జీపెక్కాడు. అది ఎవరి ఫైలో జిల్లా అంతా ఎరుగును కనక, డ్రైవరు దాని కేసి ఒకసారి చూసి, "ఈయనాండి? మన మిల్లు..." అనబోయాడు.

"చెప్పకు!" అని ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు. "తీసుకెళ్ళు, అంతే."

అలా గొర్లె పైడిరాజు, వెనక పేరులేని ఖాళీ జెర్సీ వేసుకుని, పెద్ద స్టేడియంలో ఎడమ మూల నిలబడ్డాడు. ఈసారి నిక్కరుకి జేబుల్లేవు. ఆరువేల మంది పట్టే గ్యాలరీలో ఎనిమిదివేల మంది కిక్కిరిశారు. మైకులో జట్టు వివరాలు చదువుతున్నారు. ఒక్కో పేరూ దాటుతుంటే అతను మైకు కేసి చెవులు రిక్కించాడు.

"ఎడమ మూల," అంది మైకు. ఆగింది. కాగితాలు తిరగేసిన చప్పుడు. "వివరాలు అందుబాటులో లేవు."

పైడిరాజు తల దించుకున్నాడు. అప్పుడు గ్యాలరీ చివర్నుంచి ఒక ఆడగొంతు, మిషను చప్పుడు మీదుగా పదేళ్ళు మాట్లాడి అరిగిన గొంతు, గట్టిగా కేకేసింది: "గొర్లె పైడిరాజు!"

బంగారమ్మ పక్కనున్న మిల్లువాళ్ళు అందుకున్నారు. ఇంకో వైపు నుంచి తహసిల్దారు బంట్రోతు, అతని వెనక పశువుల డాక్టరు, సాంబారు కోదండం. మరుక్షణం ఎనిమిదివేల గొంతులు, "ఎడమ మూల! గొర్లె పైడిరాజు! ఎడమ మూల! గొర్లె పైడిరాజు!" మైకు ఏం చెబుతోందో ఎవరికీ వినబడలేదు. పైడిరాజు ఏడ్చేశాడు. కన్నీళ్ళలో ఎదుటివాడు సరిగ్గా కనబడలేదు. ఫరవాలేదు. ఎడమపక్క మట్టి మీద బొటనవేలు రాసుకుంది. చెయ్యి వెళ్ళింది.

వేదిక మీద, కోర్టుకి వీపు పెట్టి కూచున్న డాక్టర్ ప్రభంజనం ఆ హోరులో చెవుల్లో దూది సర్దుకుని, నోటుపుస్తకంలో తృప్తిగా రాసుకున్నాడు: "ఇంతగా ఎవరికీ తెలియని ఆటగాడు ఇకముందు దొరకడం కష్టం."